ఛాత్రోపాధ్యాయుల బోధనాప్రతిభ – పర్యవేక్షకుల అంచనా: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
బి.ఇడి. శిక్షణలో భాగంగా పాఠశాలల్లో బోధించే ఛాత్రోపాధ్యాయుల ప్రతిభను పర్యవేక్షకులు ఏ ప్రాతిపదికన అంచనా వేస్తారు? పరిశీలనా పత్రంలోని అంశాలు ఎక్కడి నుండి వచ్చాయి? అవి దేనిని చూడగలవు, దేనిని చూడలేవు? ఈ ప్రశ్నలను తెలుగు బోధన నుండి తీసుకున్న ఒక ఉదాహరణ ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది. గొంతు, నల్లబల్ల పని, కాలనిర్వహణ వంటి గుణాలు ఒక్క పీరియడులోనే కంటికి కనిపిస్తాయి. విద్యార్థి జవాబును అందుకొని పాఠాన్ని మలుచుకొనే గుణం మాత్రం పలు పాఠాలను చూసినప్పుడు, పాఠం తరువాత ఛాత్రోపాధ్యాయునితో మాట్లాడినప్పుడు మాత్రమే తెలుస్తుంది అన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: ఛాత్రోపాధ్యాయుడు, పర్యవేక్షణ, బోధనాభ్యసనం, పరిశీలనా పత్రం, సూక్ష్మబోధన, తెలుగు బోధన.

1. ఉపోద్ఘాతం

ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న విద్యార్థిని తెలుగులో ‘ఛాత్రోపాధ్యాయుడు’ అని వ్యవహరిస్తారు. ఛాత్రుడు అంటే విద్యార్థి. విద్యార్థి, ఉపాధ్యాయుడు అనే రెండు స్థితులు ఈ ఒక్క సమాసంలో కలిసి ఉన్నాయి. ఆ వ్యక్తి ఎదుర్కొనే ఇబ్బంది కూడా ఈ కలయికలోనే ఉంది. తరగతిలోని నలభైమంది పిల్లలకు అతడు ఉపాధ్యాయుడు. అదే గదిలో వెనుక కూర్చొని కాగితం మీద అంకెలు వేస్తున్న పర్యవేక్షకునికి అతడు విద్యార్థి. ఒకే పాఠం ఏకకాలంలో ఇద్దరు శ్రోతలకు చెప్పవలసి వస్తుంది. వారిలో మార్కులు వేసేది ఒక్కరే.

ఆ మార్కులకు ఉన్న విలువ పైకి కనిపించేదానికన్నా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉపాధ్యాయుల ఎంపిక ప్రధానంగా వ్రాతపరీక్షల మీద ఆధారపడి ఉంది. నియామక పరీక్షకు 80 శాతం, ఉపాధ్యాయ అర్హత పరీక్షకు 20 శాతం భారత్వం ఇచ్చే పద్ధతి స్థిరపడింది. అభ్యర్థి తరగతిలో నిలబడి పాఠం ఎలా చెబుతాడో నియామక ప్రక్రియలో ఎవరూ చూడరు. అంటే ఒక వ్యక్తి బోధనను కళ్లారా చూసి, ఇతడు ఉపాధ్యాయునిగా పనికివస్తాడా లేదా అని నిర్ణయించే చివరి వ్యక్తి శిక్షణ కళాశాల పర్యవేక్షకుడే. ఆయన అంచనాలో పొరపాటు జరిగితే దానిని సరిదిద్దే మరొక దశ లేదు. ఆ తరువాత ముప్పై ఏళ్లపాటు ఆ ఉపాధ్యాయుని ముందు కూర్చొనేది పిల్లలు.

2. పరిశీలనా పత్రం – దాని పూర్వచరిత్ర

పర్యవేక్షకుని చేతిలోని పరిశీలనా పత్రం దాదాపు అన్ని శిక్షణ కళాశాలల్లోను ఒకే తీరున ఉంటుంది. పాఠ్యపథకం, ఉన్ముఖీకరణ, శీర్షికా ప్రకటన, ఆదర్శ పఠనం, ప్రశ్నించే నైపుణ్యం, బోధనోపకరణాల వినియోగం, నల్లబల్ల పని, తరగతి నిర్వహణ, పునర్విమర్శ, గృహకృత్యం ఇందులోని ముఖ్యాంశాలు. ఒక్కో అంశానికి కొన్ని మార్కులు, చివర మొత్తం, కింద సంతకం.

ఈ అంశాలన్నీ ఒకే చోట పుట్టినవి కావు. పాఠాన్ని సోపానాలుగా విభజించే పద్ధతికి మూలం పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ తాత్త్వికుడు హెర్బార్ట్ ఆలోచనలలోను, వాటిని బోధనాసూత్రాలుగా మలచిన ఆయన అనుయాయులలోను ఉంది. లక్ష్యాలు, స్పష్టీకరణలు రాసే అలవాటు 1956లో వెలువడిన బ్లూమ్ వర్గీకరణ ప్రభావం. బోధనను విడివిడి నైపుణ్యాలుగా చీల్చి చూడడం 1960వ దశకం తొలినాళ్లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ అలెన్, ఆయన సహచరులు రూపొందించిన సూక్ష్మబోధనతో మొదలైంది. భారతదేశంలో ఆ పద్ధతికి ప్రాచుర్యం కల్పించిన వారిలో బి.కె. పాసీ ముఖ్యులు. పాసీ, లలిత కలిసి రూపొందించిన సామాన్య బోధనా సామర్థ్య మాపనిలో 21 అంశాలు ఉన్నాయి. ఒక్కో అంశాన్ని ఏడు బిందువుల మీద కొలుస్తారు. కనుక కనిష్ఠ గణన 21, గరిష్ఠ గణన 147. ఉపాధ్యాయ విద్యలో వెలువడిన పరిశోధనలలో ఈ మాపనిని, లేదా దాని పోలికతో తయారైన మాపనులను తరచుగా చూస్తాము.

ఇలాంటి మాపనుల వల్ల కలిగిన మేలును తక్కువ చేయరాదు. అంతకుముందు పర్యవేక్షకుని ‘మొత్తం మీద కలిగిన అభిప్రాయమే’ ప్రమాణం. ఆ అభిప్రాయానికి కారణం చెప్పవలసిన అవసరం కూడా ఉండేది కాదు. అంశాల జాబితా ఆయనను ఒక్కో విషయాన్ని విడిగా చూడమని బలవంతం చేసింది. తక్కువ మార్కులు వచ్చిన ఛాత్రోపాధ్యాయుడు ఎక్కడ తగ్గిందో అడిగేందుకు వీలు కల్పించింది.

అయితే జాబితాలో ఒక చిక్కు ఉంది. ఉన్ముఖీకరణ జరిగిందా, పునర్విమర్శ జరిగిందా అని అది అడుగుతుంది. జరిగినదాని వల్ల ఈ తరగతిలోని ఈ పిల్లలకు ఏమైనా ఒరిగిందా అని అడగదు. నెడ్ ఫ్లాండర్స్ రూపొందించిన పరస్పర చర్యా విశ్లేషణ పద్ధతి ఈ లోటును కొంత పూరించింది. అందులో తరగతి సంభాషణను పది వర్గాలుగా విభజించారు. ఏడు ఉపాధ్యాయుని మాటకు, రెండు విద్యార్థి మాటకు, ఒకటి నిశ్శబ్దానికి, గందరగోళానికి చెందుతాయి. పరిశీలకుడు మూడు సెకన్లకు ఒకసారి జరుగుతున్నది ఏ వర్గానికి చెందుతుందో గుర్తిస్తూ పోతాడు. మాటలో ఎవరి వాటా ఎంతో దీని ద్వారా తేలుతుంది. కాని మూడు సెకన్లకు ఒకసారి అంకె వేసే ఓపిక, దానికి కావలసిన శిక్షణ నిత్య పర్యవేక్షణలో సాధ్యం కాక ఆ పద్ధతి అధికభాగం సిద్ధాంతగ్రంథాలకే పరిమితమైపోయింది.

3. తొలి చూపు బలం

పత్రంలో ఇరవై అంశాలు ఉన్నంతమాత్రాన ఇరవై తీర్పులు వెలువడవు. 1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ఈ విషయాన్ని వెల్లడించాడు. సైన్యంలో పై అధికారులు తమ కింది వారికి శారీరక దారుఢ్యం, తెలివి, నాయకత్వం, శీలం వంటి గుణాల మీద విడివిడిగా ఇచ్చిన అంచనాలను ఆయన పరిశీలించాడు. ఆ గుణాల మధ్య ఉండదగినదానికన్నా చాలా ఎక్కువ సహసంబంధం కనిపించింది. మనిషి మీద కలిగిన ఒక మంచి లేదా చెడు అభిప్రాయం మిగిలిన గుణాలన్నింటి మీదా పరుచుకుంటుందని ఆయన తేల్చాడు. మనోవిజ్ఞానశాస్త్రంలో దీనినే పరివేష ప్రభావం అంటారు. గొంతు గంభీరంగా ఉన్న ఛాత్రోపాధ్యాయునికి నల్లబల్ల పనిలోను, పాఠ్యపథకంలోను కూడా ఒక మార్కు ఎక్కువ పడటం పర్యవేక్షణ పత్రాలు తిరగేసిన అధ్యాపకులకు తెలియని విషయం కాదు.

1993లో నళినీ అంబాడి, రాబర్ట్ రోసెంథాల్ ప్రచురించిన పరిశోధన దీనికి మరింత పదునైన రూపం. ఉపాధ్యాయులు పాఠం చెబుతుండగా తీసిన, శబ్దం లేని, అర నిమిషం మించని దృశ్యాలను వారికి పరిచయం లేని వ్యక్తులకు చూపించారు. హావభావాలను బట్టి ఆ అపరిచితులు ఇచ్చిన అంచనాలు, కళాశాల బోధకుల విషయంలో సెమిస్టరు చివర విద్యార్థులు ఇచ్చిన అంచనాలతోను, ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుల విషయంలో ప్రధానోపాధ్యాయులు ఇచ్చిన అంచనాలతోను గణనీయంగా సరిపోయాయి. ఈ ఫలితాన్ని రెండు విధాలుగా చదవవచ్చు. మంచి ఉపాధ్యాయుని మనిషి కన్ను ఇట్టే పట్టేస్తుందన్నది ఒకటి. ప్రధానోపాధ్యాయుని అంచనాలో అధికభాగం మాటలు వినకుండానే తయారయ్యేది అన్నది రెండవది. ఇక్కడ సరిపోయినవి రెండు అంచనాలు. పిల్లలు ఏమి నేర్చుకున్నారన్నది ఆ పోలికలో భాగం కాదు. కనుక రెండో పఠనాన్ని తోసిపుచ్చడం కష్టం.

తెలుగు ప్రాంతాలలో ఈ తొలి చూపుకు భాష కూడా తోడవుతుంది. ‘ఉచ్చారణ’, ‘భాషాస్పష్టత’ అన్న శీర్షికల కింద పర్యవేక్షకులు నిజానికి రెండు వేరు విషయాలను కలిపి కొలుస్తుంటారు. ఒత్తులు, పొల్లులు స్పష్టంగా పలకడం ఒకటి. తన ఊరి యాస వినిపించకపోవడం మరొకటి. మొదటిది బోధనకు అవసరం. రెండవది అవసరమని ఎవరూ నిరూపించలేదు. శ్రీకాకుళం పల్లె నుండి గాని, పాలమూరు పల్లె నుండి గాని వచ్చిన ఛాత్రోపాధ్యాయుడు అదే ప్రాంతపు పిల్లలకు వారి నుడికారంలో ఒక పదార్థం వివరిస్తే అది బోధనా నైపుణ్యమే. కాని ఆ మాట వెనుక కూర్చున్న పర్యవేక్షకునికి మోటుగా వినిపించవచ్చు. పత్రంలో ఒక మార్కు తగ్గుతుంది. తరువాతి పాఠంలో ఛాత్రోపాధ్యాయుడు ఆ నుడికారాన్ని వదిలేస్తాడు. అప్పుడు నష్టపోయేది మూడో వరుసలోని పిల్లవాడు.

4. ఒక సంధి పాఠం – ఇద్దరు ఛాత్రోపాధ్యాయులు

పరిశీలనా పత్రానికి అందే గుణాలకు, అందని గుణాలకు తేడాను ఒక ఉదాహరణ ద్వారా గుర్తించవచ్చు. ఎనిమిదో తరగతిలో గుణసంధి పాఠం జరుగుతున్నదని భావిద్దాం. ఇద్దరు ఛాత్రోపాధ్యాయులు వేర్వేరు విభాగాల్లో ఒకే పాఠం చెబుతున్నారు. నల్లబల్ల మీద ‘పరోపకారం’ అన్న పదం రాసి విడదీయమన్నారు. రెండు గదుల్లోను ఒక పిల్లవాడు లేచి ‘పరో, ఉపకారం’ అన్నాడు.

మొదటి ఛాత్రోపాధ్యాయుడు తప్పు అని చెప్పి అతనిని కూర్చోమన్నాడు. ఇంకెవరు చెబుతారని అడిగాడు. ముందు బెంచీలోని బాలిక ‘పర, ఉపకారం’ అన్నది. ఆమెను మెచ్చుకొని, సూత్రం రాసి, మరి నాలుగు ఉదాహరణలు చెప్పించి, పునర్విమర్శ చేసి, గృహకృత్యం ఇచ్చాడు. గంట మోగే సమయానికి పాఠం ముగిసింది.

రెండవ గదిలోని ఛాత్రోపాధ్యాయురాలు ఆ పిల్లవాని జవాబును బల్ల మీద రాసింది. ‘ఉపకారం’ సరిగ్గానే దొరికిందని చెప్పి, ‘పరో’ అన్న మాట ఎక్కడైనా విన్నారా అని తరగతిని అడిగింది. ఎవరూ వినలేదు. ఎవరికి చేసే ఉపకారం అని అడిగితే ‘ఇతరులకు’ అన్నారు. ఇతరులు అన్న అర్థంలో ‘పర’ అనే మాట ఉన్నదని అక్కడ తేలింది. అప్పుడు ‘పర’, ‘ఉపకారం’ రెండూ ఆగకుండా పలికి చూడమన్నది. సగం తరగతి ‘పరుపకారం’ అన్నారు. గదిలో నవ్వులు, అల్లరి. ఒక క్షణం ఆమె కూడా తడబడింది. తరువాత పక్కన ‘సీత + అమ్మ’ అని రాసి పలికించింది. ‘సీతమ్మ’ అన్నారు. ఇక్కడ ఒక అచ్చు పడిపోయింది, అక్కడ రెండు అచ్చులు కలిసి మూడోది పుట్టింది అన్న తేడా వైపు పిల్లలను నడిపించింది. అంతలో గంట మోగింది. ఐదు ఉదాహరణలలో రెండే పూర్తయ్యాయి. పునర్విమర్శ లేదు, గృహకృత్యం లేదు.

సాధారణ పరిశీలనా పత్రం ప్రకారం మొదటి పాఠానికి కాలనిర్వహణ, తరగతి నిర్వహణ, సోపానక్రమం, ముగింపు అంశాలలో ఎక్కువ మార్కులు పడతాయి. రెండవ పాఠానికి ప్రశ్నించే నైపుణ్యం కింద ఒకటి రెండు మార్కులు పెరగవచ్చు. మొత్తం మీద మొదటివాడే ముందుంటాడు.

ఇప్పుడు ఆ పిల్లవాని జవాబును మళ్లీ చూడాలి. ‘పరో’ అన్నది అజ్ఞానం కాదు. అతనికి ‘ఉపకారం’ అన్న పదం తెలుసు. చెవికి వినిపించిన ‘ఓ’కారాన్ని పోగొట్టకుండా మొదటి భాగానికి చేర్చాడు. రెండు అచ్చుల స్థానంలో ఒకే అచ్చు వచ్చి నిలుస్తుందన్న ఊహ మాత్రమే అతనికి లేదు. గుణసంధి నేర్పడమంటే ఆ ఊహను కలిగించడమే. మొదటి గదిలో ఆ అవకాశం వచ్చి, కూర్చోమనగానే పోయింది. బాలిక చెప్పిన జవాబు ఆమెకు ముందే తెలిసినదో, పాఠం వల్ల తెలిసినదో చెప్పలేము.

‘పరుపకారం’ అన్న రెండవ గది జవాబు మరింత విలువైనది. అచ్చు మీద అచ్చు వచ్చినప్పుడు మొదటి అచ్చును జారవిడవడం తెలుగు నాలుకకు అలవాటు. అత్వ, ఇత్వ, ఉత్వ సంధులన్నీ ఆ అలవాటుకు వ్యాకరణం పెట్టిన పేర్లు. సంస్కృత సంధిలో అచ్చులు కలిసి ఏకాదేశమవుతాయి. పిల్లలు తమకు తెలియకుండానే సంస్కృత పదాల మీద తెలుగు సంధి ప్రయోగించారు. ఈ విషయాన్ని అప్పటికప్పుడు పసిగట్టి ‘సీతమ్మ’ను పక్కన పెట్టగలగడం వ్యాకరణ పాండిత్యం మాత్రమే కాదు, బోధనా నైపుణ్యం మాత్రమే కూడా కాదు. 1986లో లీ షుల్‌మన్ ఈ మూడో రకం జ్ఞానాన్ని విడిగా గుర్తించి, విషయజ్ఞానానికి, బోధనా పద్ధతికి మధ్య ఉన్నదిగా వివరించాడు. ఏ భావన దగ్గర పిల్లలు ఎలా పొరబడతారో, ఆ పొరపాటుకు ఏ ఉదాహరణ విరుగుడో తెలిసి ఉండడం దాని సారాంశం.

ఈ గుణాన్ని గుర్తించాలంటే పర్యవేక్షకునికి కూడా అదే జ్ఞానం ఉండాలి. ఇది తరచుగా విస్మరించే అంశం. అధ్యాపకుల కొరత వల్ల గణిత పద్ధతి అధ్యాపకుడు తెలుగు పాఠాన్ని, తెలుగు పద్ధతి అధ్యాపకుడు భౌతికశాస్త్ర పాఠాన్ని చూడవలసి వస్తుంటుంది. ‘పరుపకారం’ అన్న మాట అలాంటి పర్యవేక్షకునికి పిల్లల అల్లరిగా మాత్రమే వినిపిస్తుంది. అప్పుడు ఆయన కొలవగలిగేవి గొంతు, దస్తూరి, గడియారం. వాటినే కొలుస్తాడు. ఇందులో ఆయన తప్పేమీ లేదు.

నెమ్మదిగా నడిచిన ప్రతి పాఠమూ గొప్పది కాదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తయారీ లేక, ఏమి అడగాలో తెలియక కాలం గడిపినా పాఠం మధ్యలోనే ఆగుతుంది. రెండు రకాల అసంపూర్తి పాఠాలూ పత్రం మీద ఒకేలా కనిపిస్తాయి. వాటిని వేరు చేసేందుకు పాఠం మాత్రమే చూస్తే చాలదు.

5. తరగతి నిర్వహణ

పర్యవేక్షకులు ఎక్కువ బరువు ఇచ్చే గుణాల్లో తరగతి నిర్వహణ ఒకటి. నిశ్శబ్దంగా ఉన్న తరగతిని చక్కగా నడుస్తున్న తరగతిగా భావించడం పాత అలవాటు. జేకబ్ కూనిన్ 1970లో ప్రచురించిన గ్రంథంలో ఈ విషయంపై ఊహించని ఫలితం వెల్లడించాడు. అల్లరి జరిగిన తరువాత ఉపాధ్యాయుడు మందలించే తీరులో సమర్థులకు, అసమర్థులకు పెద్ద తేడా కనిపించలేదు. తేడా అంతా అల్లరికి ముందే ఉంది. గదిలో ఏ మూల ఏమి జరుగుతున్నదో తనకు తెలుసునన్న భావన పిల్లలకు కలిగించడం, ఒకేసారి రెండు పనులను గమనించగలగడం, పాఠం నడకను తెగనీయకపోవడం సమర్థుల లక్షణాలుగా తేలాయి. అంటే గట్టిగా గదమాయించి నిశ్శబ్దం తెచ్చిన క్షణానికి కాక, గదమాయించవలసిన అవసరమే రాని పది నిమిషాలకు మార్కులు పడాలి. ఏమీ జరగని పది నిమిషాలను గుర్తించి నమోదు చేయడం ఏ పర్యవేక్షకునికైనా కష్టమే. పైగా పర్యవేక్షకుడు గదిలో ఉన్నప్పుడు పిల్లలు మామూలుగా ఉండరు. ఎవరో పెద్దలు వచ్చారని చేతులు కట్టుకొని కూర్చుంటారు.

6. ఎన్ని పాఠాలు, ఎందరు పర్యవేక్షకులు

జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో ఇచ్చిన నివేదిక తరువాత జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014లో కొత్త నిబంధనలు తెచ్చింది. ఏడాది బి.ఇడి. రెండేళ్లకు పెరిగింది. పాఠశాలలో గడపవలసిన కాలం మొదటి సంవత్సరం 4 వారాలు, రెండవ సంవత్సరం 16 వారాలు, మొత్తం 20 వారాలుగా నిర్ణయమైంది. ఒక్కో పద్ధతిలో ఇరవై చొప్పున నలభై పాఠాలు లెక్కకు చెప్పి ముగించే పాత సంప్రదాయం కన్నా ఇది మేలైన ఆలోచన. ఛాత్రోపాధ్యాయుడు బడిలో అతిథిగా కాక సభ్యునిగా ఉండాలన్నది దీని ఉద్దేశం.

పర్యవేక్షణ విషయానికి వస్తే లెక్క వేరుగా ఉంది. అవే నిబంధనల ప్రకారం యాభైమంది చొప్పున రెండు యూనిట్లు, రెండు సంవత్సరాలకు కలిపి 200 మంది విద్యార్థులు ఉన్న కళాశాలకు 16 మంది పూర్తికాల అధ్యాపకులు ఉండాలి. వారిలో బోధనా పద్ధతులకు కేటాయించినవారు 8 మంది. రెండవ సంవత్సరం ఇంటర్న్‌షిప్‌కు వెళ్లిన 100 మందిని ఈ ఎనిమిదిమంది పంచుకుంటే ఒక్కొక్కరికి పన్నెండు, పదమూడు మంది వస్తారు. ఒక్కొక్కరివి ఐదేసి పాఠాలు చూడాలనుకున్నా అరవైకి పైగా పరిశీలనలు. పాఠశాలలు వేర్వేరు మండలాల్లో ఉంటాయి. కళాశాలలో మొదటి సంవత్సరం తరగతులు అదే సమయంలో నడుస్తుంటాయి. అధ్యాపక స్థానాలన్నీ నిండి ఉన్నాయన్న ఊహ మీద వేసిన లెక్క ఇది. ఖాళీలు ఉన్న కళాశాలల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఫలితంగా ఒక పాఠాన్ని పది, పదిహేను నిమిషాలు చూసి మరో గదికి వెళ్లడం, మిగిలిన పాఠాలకు పాఠ్యపథకాల పుస్తకం మీద సంతకం చేయడం అనివార్యమవుతుంది. ఆ పుస్తకాల్లో ‘బాగుంది’, ‘గొంతు పెంచాలి’, ‘నల్లబల్ల పని మెరుగుపరచుకోవాలి’ అన్న వ్యాఖ్యలే మళ్లీ మళ్లీ కనిపించడానికి కారణం పర్యవేక్షకుల నిర్లక్ష్యం ఒక్కటే కాదు. పది నిమిషాల్లో చూడగలిగినవి అవే.

ఒక్కరు చూసిన ఒక్క పాఠం మీద ఆధారపడిన తీర్పు ఎంత బలహీనమైనదో అమెరికాలో గేట్స్ ఫౌండేషన్ ఆర్థిక సహాయంతో సుమారు మూడు వేలమంది ఉపాధ్యాయులతో జరిగిన బోధనా సామర్థ్య మాపన పథకం చూపించింది. 2013లో వెలువడిన దాని ఫలితాల ప్రకారం అదే పరిశీలకుడు మరొక పాఠం చూడడం కన్నా వేరొక పరిశీలకుడు మరొక పాఠం చూడడం వల్ల అంచనా విశ్వసనీయత ఎక్కువగా పెరుగుతుంది. ఒకే వ్యక్తి ఎన్నిసార్లు చూసినా తన ఇష్టాయిష్టాలను వెంట తెచ్చుకుంటాడు కనుక ఇది సహజం.

ఇక్కడి పాఠశాలల్లో రెండవ పరిశీలకుడు ఉండనే ఉన్నాడు. అతడే ఆ తరగతి అసలు ఉపాధ్యాయుడు. ఇంటర్న్‌షిప్‌లో అతనికి మార్గదర్శక ఉపాధ్యాయుడని పేరు. ఛాత్రోపాధ్యాయుని ప్రదర్శన పాఠాన్ని కాక మంగళవారం మధ్యాహ్నపు మామూలు పాఠాన్ని చూసేది అతడే. ఏ పిల్లవానికి ఏమి తెలుసో, ఏమి తెలియదో అతనికి తెలుసు. ‘పర, ఉపకారం’ అన్న బాలిక ఎప్పుడూ జవాబు చెప్పేదేనా, ‘పరో’ అన్నవాడు ఈ ఏడాదిలో మొదటిసారి లేచినవాడా అన్న సంగతి అతడు మాత్రమే చెప్పగలడు. ఆచరణలో ఛాత్రోపాధ్యాయులు వచ్చిన వారాలు పెండింగు రికార్డులు పూర్తి చేసుకొనే అవకాశంగా మారడం, మార్గదర్శక ఉపాధ్యాయుని అంచనా చివరి రోజున ఒకే సంతకంగా ముగియడం సాధారణం. అతనికి ఈ పనికి శిక్షణ గాని, సమయం గాని, గుర్తింపు గాని కల్పించకుండా అతనిని తప్పుపట్టడం న్యాయం కాదు.

7. పాఠం ముగిసిన తరువాత

రెండవ గదిలోని అసంపూర్తి పాఠం ఏ రకానికి చెందినదో తేల్చే మార్గం ఆ ఛాత్రోపాధ్యాయురాలినే అడగడం. 1950, 60 దశకాల్లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మోరిస్ కోగన్, రాబర్ట్ గోల్డ్‌హామర్ తదితరులు రూపొందించిన క్లినికల్ పర్యవేక్షణకు కేంద్రం ఇదే. పాఠానికి ముందు సమావేశం, పరిశీలన, విశ్లేషణ, పాఠం తరువాత సమావేశం, చివరగా పర్యవేక్షకుడు తన పనిని తాను సమీక్షించుకోవడం అన్న ఐదు దశలను గోల్డ్‌హామర్ 1969 నాటి గ్రంథంలో వివరించాడు. ఐదవ దశ మన దేశంలో దాదాపు ఎక్కడా వినిపించదు. ఇక్కడ పర్యవేక్షకుని ఎవరూ పర్యవేక్షించరు.

ఈ సమావేశంలో తీర్పు కన్నా నమోదు చేసిన వివరం ఎక్కువ పనిచేస్తుంది. ఉదాహరణకు మేరీ బడ్ రో పరిశోధనలను చూడవచ్చు. ఉపాధ్యాయులు ప్రశ్న అడిగిన తరువాత సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, దానిని మూడు సెకన్లకు పెంచినప్పుడు పిల్లల జవాబుల నిడివి పెరిగి, జవాబు చెప్పనివారి సంఖ్య తగ్గిందని ఆమె 1970వ దశకంలో చూపించింది. ‘ప్రశ్నించే నైపుణ్యం – ఐదుకు మూడు’ అని రాస్తే ఛాత్రోపాధ్యాయుడు చేయగలిగిందేమీ లేదు. ‘ఇరవై రెండు ప్రశ్నలు అడిగారు, పదిహేను ముందు రెండు బెంచీల నుండి జవాబు పొందాయి, సగటున ఒక సెకను ఆగారు’ అని కాగితం చేతికి ఇస్తే రేపటి పాఠం మారుతుంది. దీనికి ప్రత్యేక మాపని అక్కరలేదు. ఒక గడియారం, గది పటం గీసుకొన్న తెల్లకాగితం చాలు.

పాఠం తరువాత అడిగే ప్రశ్నలు కూడా కొలతలే. ‘ఆ పిల్లవాడు పరో అని ఎందుకన్నాడని మీరు అనుకుంటున్నారు?’ అన్న ప్రశ్నకు మొదటి ఛాత్రోపాధ్యాయుడు ‘ఇంట్లో చదవలేదు సార్’ అని చెప్పవచ్చు. లేదా కొంచెం ఆలోచించి, ఆ ఓకారం గురించి తనకు అప్పుడు తట్టలేదని చెప్పవచ్చు. ఈ రెండు జవాబుల మధ్య ఉన్న దూరం ఏ పరిశీలనా పత్రంలోను కనిపించదు. రెండో జవాబు చెప్పినవాడు తక్కువ మార్కుల పాఠం చెప్పి ఉండవచ్చు. ఐదవ ఏట అతడు మంచి ఉపాధ్యాయుడయ్యే అవకాశం మాత్రం ఎక్కువ.

సమయం కూడా చూసుకోవాలి. శిక్షణలో ఉన్నవారి చింతలు మొదట తమ గురించి, తరువాత చేస్తున్న పని గురించి, చివరకు పిల్లల గురించి అన్న క్రమంలో సాగుతాయని ఫ్రాన్సెస్ ఫుల్లర్ 1969 నుండి చేసిన పరిశోధనలు సూచించాయి. మొదటి వారంలో ‘పిల్లలు నన్ను లెక్కచేస్తారా’ అన్న భయంతో ఉన్నవారిని పిల్లవాని ఊహను ఎందుకు పట్టుకోలేదని నిలదీయడం వల్ల ప్రయోజనం లేదు. అదే పన్నెండవ వారంలో కూడా అతని మాటల్లో తన గొంతు, తన చార్టు, తన సమయం తప్ప పిల్లల పేర్లు వినిపించకపోతే దానిని గమనించవలసిందే. తొలి, మలి పాఠాల మార్కుల సగటు తీసే పద్ధతి ఈ ప్రయాణాన్ని చెరిపేస్తుంది. మొదటి పాఠంలో తడబడి చివరి పాఠంలో రాణించినవానికి, రెండింటిలోను ఒకే తీరున ఉన్నవానికి సగటు ఒకటే కావచ్చు.

పరిశీలకుని ప్రశ్నకు ఎంత శక్తి ఉంటుందో తెలుగు విద్యాచరిత్రలోనే ఒక నిదర్శనం ఉంది. 1907 ప్రాంతంలో ఉత్తరాంధ్ర జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ చిన్న తరగతుల్లో తెలుగు పాఠాలు చెప్పే తీరు చూసి ఆశ్చర్యపోయాడు. పిల్లలు మాట్లాడే భాషకు, పుస్తకంలోని భాషకు ఇంత దూరం ఎందుకని విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులు పి.టి. శ్రీనివాస అయ్యంగార్‌ను అడిగాడు. ఆ ప్రశ్న గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి వద్దకు చేరింది. వాడుకభాషా ఉద్యమానికి దారితీసిన కారణాల్లో ఇది ఒకటిగా సాహిత్యచరిత్రకారులు పేర్కొంటారు. అప్పటికే సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పే ప్రయత్నంలో ఉన్న గిడుగుకు ఆ ప్రశ్నలోని బాధ వెంటనే అర్థమై ఉంటుంది. యేట్స్ ఆ తరగతి గదుల్లో తెలుగు పూర్తిగా రాని పరిశీలకుడు. పండితుల ఉచ్చారణకు గాని, పాండిత్యానికి గాని మార్కులు వేయగల స్థితిలో లేడు. పిల్లల ముఖాలు చూడగలిగాడు, తనకు అర్థం కానిదానిని అడిగాడు.